టీ చవక చేస్తే సముద్రంలో పారబోయడమేంటి? బోస్టన్ 1773 లెక్క తేలట్లేదు

గ్రూప్స్_గోపి
రెండు పుస్తకాలు ముందేసుకుంటే రెండూ రెండు మాటలు చెప్తున్నాయి. ఒకదాంట్లో "బ్రిటన్ టీ మీద పన్ను పెంచింది, వలసవాసులు తిరగబడ్డారు" అని ఉంది. రెండోదాంట్లో 1773 టీ చట్టం వల్ల అమెరికాలో టీ చవకైంది అని ఉంది. చవకైతే సంబరపడాలి గానీ బోస్టన్ రేవులో 342 టీ పెట్టెలు నీళ్లలో పోస్తారా (అదే, బోస్టన్ టీ పార్టీ)? పెంచారా తగ్గించారా, ముందు అది తేల్చండి. ఇంకోటి, నచ్చకపోతే కొనకుండా ఊరుకుంటే సరిపోయేదిగా?

లెక్కల_మాస్టారు
రెండో పుస్తకం రైటు. 1773లో కొత్త పన్ను ఒక్క పెన్నీ కూడా వెయ్యలేదు. ఉన్నది 1767లో బ్రిటన్ ఆర్థిక మంత్రి టౌన్‌షెండ్ పేరుతో వచ్చిన సుంకం. గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద వేశారు. వర్తకులు బ్రిటిష్ సరుకు తెప్పించుకోవడం మానేసేసరికి 1770లో మిగతావన్నీ ఎత్తేసి, టీ మీద పౌండు బరువుకి 3 పెన్నీలు మాత్రం ఉంచారు. పన్ను వేసే హక్కు మాదే అని గుర్తుండడానికి గోడకి ఓ మేకు వదిలేసినట్టు.

1773 మే నెల చట్టం పని వేరు. అప్పటిదాకా ఈస్టిండియా కంపెనీ తన టీని లండన్లో వేలం వెయ్యాలి. అక్కడి టోకు వ్యాపారి కొనాలి, అతని దగ్గర అమెరికా వర్తకుడు కొనాలి. పైగా బ్రిటన్లో దిగుమతికి కట్టిన సుంకంలో, మళ్లీ అమెరికాకి ఎగుమతి చేస్తే అయిదింట మూడు వంతులే వెనక్కొచ్చేది. కొత్త చట్టం ఆ సుంకం మొత్తం వాపసు ఇచ్చింది, కంపెనీయే నేరుగా అమెరికాకి ఓడలు పంపుకోవచ్చంది. మధ్యలో చేతులు తగ్గాయి, ధర తగ్గింది. అమెరికా రేవులో కట్టాల్సిన 3 పెన్నీలు మాత్రం అలాగే కూర్చుంది.

చాయ్_బిస్కట్
అంటే లండన్ల జీఎస్టీ వాపస్, బోస్టన్ల జీఎస్టీ చాలూ. సమజైంది.

లెక్కల_మాస్టారు
@చాయ్_బిస్కట్ సరిగ్గా అదే. ఎంత పన్నో కూడా చూద్దాం. డబ్బు పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, అంటే పౌండుకి 240 పెన్నీలు. బోస్టన్లో పోయిన టీ సుమారు 92,000 పౌండ్ల బరువు, మన లెక్కలో దాదాపు 42 టన్నులు. బరువు పౌండుకి 3 పెన్నీల చొప్పున 2,76,000 పెన్నీలు, అంటే 1,150 పౌండ్ల డబ్బు. కంపెనీ చూపించిన నష్టం 9,659 పౌండ్లు. దాన్ని బరువుతో భాగిస్తే పౌండు టీ విలువ 25 పెన్నీల చిల్లర పడుతుంది. అందులో 3 అంటే పన్నెండు శాతం.

గోపీ, పుస్తకంలో 342 ఉంటే పరీక్షలో 342 రాయి. కానీ కంపెనీ జాబితాలో రకాల వారీగా కూడితే 340 వస్తాయి. బోహీ 240, సింగ్లో 60, కాంగూ 15, హైసన్ 15, సూచాంగ్ 10.

లండన్_బాబాయ్
చూశారా, 1,150 పౌండ్ల కోసం ఇంత రభస! బ్రిటన్ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి వాళ్ల నెత్తిన పన్నెండు కోట్ల పౌండ్లకి పైగా అప్పు. ఆ యుద్ధంలో ఫ్రెంచివాళ్ల బెడద వదిలింది ఎవరికి? అమెరికా వాళ్లకే. తర్వాత అక్కడ కాపలా ఉంచిన సైన్యం ఖర్చులో కొంచెం పెట్టుకోమంటే తప్పా? ఇంగ్లండులో జనం స్టాంపు పన్ను (కాగితాల మీద ముద్ర పన్ను) 1694 నుంచే కడుతున్నారు. అసలు విషయం ఏంటంటే బోస్టన్లో పెద్దమనుషులంతా దొంగ టీ వ్యాపారం చేసేవాళ్లు. డచ్చి వాళ్ల నుంచి సుంకం ఎగ్గొట్టి తెచ్చి అమ్ముకుంటున్నారు. కంపెనీ టీ చవకైతే వాళ్ల దుకాణం మూత. అందుకే దేశభక్తి గుర్తొచ్చింది.

పాత_కాగితాలు
@లండన్_బాబాయ్ దొంగ టీ మాట నిజం, ఊరు మాత్రం తప్పు. డచ్చి టీకి రాజధానులు న్యూయార్క్, ఫిలడెల్ఫియా. అక్కడ పన్ను కట్టిన టీ దాదాపు దిగేదే కాదు. 1768 తర్వాత సుంకం కట్టి టీ దింపుకున్న రేవుల్లో ముందున్నది బోస్టనే. స్మగ్లర్ల కడుపుమంటే కారణమైతే పారబోత న్యూయార్క్‌లో జరగాలి.

కోపం రెండు చోట్ల ఉంది. ఒకటి, ఆ 3 పెన్నీల డబ్బు ఎక్కడికి పోతుందన్నది. గవర్నర్లకీ జడ్జిలకీ జీతాలు ఆ సుంకం రాబడి నుంచే ఇవ్వాలని టౌన్‌షెండ్ ఏర్పాటు. అంతకు ముందు బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలసలో గవర్నరు జీతం అక్కడి శాసనసభ ఏటేటా ఓటేసి ఇచ్చేది. గవర్నరు మరీ మితిమీరితే జీతం దగ్గర పట్టుకునేవాళ్లు. జీతం లండన్ నుంచి వస్తే ఆ పగ్గం తెగిపోయినట్టే. రెండోది, కంపెనీ టీ అమ్మే అధికారం ఊరికి కొద్దిమంది ఏజెంట్లకే ఇచ్చింది. బోస్టన్లో ఆ ఏజెంట్లలో ఇద్దరు గవర్నర్ థామస్ హచిన్సన్ కొడుకులు.

చాయ్_బిస్కట్
జీతం గవర్నర్‌ది, డీలర్షిప్ కొడుకులది. ఎక్కడో విన్నట్టున్నది కథ 😄

పాలమూరు_పిల్ల
ఇది రాజకీయం దారం గాదు, చాయ్ అన్నా. గోపి రెండో ప్రశ్నకు ఎవ్వరు జవాబియ్యలే. కొనకుంటే అయిపోయేది గదా? దింపకుండ ఓడలోనే ఉంచితే ఏమైతది?

ఓడ_సరంగు
అసలు ముడి అక్కడే ఉంది. రేవు రూల్స్ తెలియకపోతే బోస్టన్ కథ అర్థం కాదు.

మొత్తం 7 ఓడల్లో దాదాపు 2,000 పెట్టెలు బయల్దేరాయి. నాలుగు బోస్టన్‌కి, ఒక్కోటి న్యూయార్క్, ఫిలడెల్ఫియా, చార్లెస్టన్‌కి. ఓడ రేవు హద్దులోకి వచ్చాక కెప్టెన్ కస్టమ్స్ కచేరీలో సరుకు జాబితా నమోదు చెయ్యాలి. అక్కణ్ణుంచి 20 రోజులు గడువు. ఈలోగా సుంకం కట్టి దింపుకోవాలి. కట్టకపోతే 21వ రోజు కస్టమ్స్ వాళ్లు సరుకు జప్తు చేసి, వేలం వేసి, సుంకం రాబట్టుకుంటారు. కాబట్టి ఓడలో ఊరికే ఉంచడం అనేది లేదు.

సరే, వెనక్కి పంపేద్దాం అంటే? సుంకం బాకీ ఉన్న సరుకు దింపకుండా బయటికెళ్లే ఓడకి కస్టమ్స్ వాళ్లు క్లియరెన్స్ ఇవ్వరు. క్లియరెన్స్ లేకపోతే గవర్నరు పాస్ ఇవ్వడు. పాస్ లేని ఓడ రేవు ముఖద్వారంలో ఉన్న కాజిల్ విలియం కోట ఫిరంగుల ముందు నుంచి పోవాలి, అవతల నౌకాదళం ఓడలు కాపు కాస్తున్నాయి. మరో మెలిక కూడా ఉంది. ఇంగ్లండు నుంచి ఎగుమతైన టీని మళ్లీ ఇంగ్లండులో దింపితే, అక్కడి చట్టం ప్రకారం దాన్నీ జప్తు చేయొచ్చు. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి.

తమాషా ఏంటంటే ఆ ఉచ్చులో సగం బోస్టన్ వాళ్లు స్వయంగా బిగించుకున్నదే. మొదటి ఓడ డార్ట్‌మత్ నవంబరు 28న వచ్చింది. దూరంగా లంగరేసి ఉంటే రాత్రిపూట ఎవరైనా దింపేస్తారేమోనని, ఊరి ధక్కా దగ్గరికి తెచ్చి కట్టమన్నారు. గ్రిఫిన్ వార్ఫ్‌లో కట్టించి రాత్రింబవళ్లు కాపలా పెట్టారు, ఒక్కో వంతుకి 25 మంది. కాపలాకి సుఖమే. గడువు మాత్రం నడుస్తూనే ఉంది, డిసెంబరు 17తో ఆఖరు. అందుకే డిసెంబరు 16 రాత్రి.

గ్రూప్స్_గోపి
అమ్మో, ఏ పుస్తకంలోనూ ఈ 20 రోజుల సంగతి లేదు. మరి ఫిలడెల్ఫియా వాళ్లు ఎలా వెనక్కి పంపారు? అదే చట్టం కదా.

ఓడ_సరంగు
గడియారం మొదలవకముందే ఆపారు. ఫిలడెల్ఫియాకి వచ్చిన పాలీ అనే ఓడలో 697 పెట్టెలు, బోస్టన్ సరుకుకి రెట్టింపు. ఊరు నది లోపల ఉంది. ఓడ ఇంకా నది కిందిభాగంలోనే ఉండగా ఆపి, కెప్టెన్‌ని మాత్రం ఊళ్లోకి తీసుకొచ్చారు. వేలాది జనం సభ చూపించారు, నదిలో ఓడలకి దారి చూపే పైలట్లకి ముందే హెచ్చరిక కరపత్రాలు వెళ్లాయి. కస్టమ్స్‌లో నమోదు కాలేదు కాబట్టి గడువూ లేదు, క్లియరెన్సూ అక్కర్లేదు. మంచినీళ్లూ తిండీ ఎక్కించుకుని లండన్ తిరిగెళ్లిపోయాడు. న్యూయార్క్ ఓడ తుపాన్లో చిక్కి 1774 ఏప్రిల్‌కి గానీ రాలేదు, దాన్నీ అలాగే మళ్లించారు.

ఇంకో తేడా, ఆ ఊళ్లలో ఏజెంట్లు జనానికి భయపడి ముందే రాజీనామా చేశారు. బోస్టన్లో చెయ్యలేదు, కోటలోకెళ్లి దాక్కున్నారు.

లండన్_బాబాయ్
మరి చార్లెస్టన్? అక్కడ 20 రోజులూ గడిచాయి. డిసెంబరు 22న కస్టమ్స్ వాళ్లు 257 పెట్టెలు దింపి ఎక్స్ఛేంజ్ భవనం నేలమాళిగలో పెట్టి తాళమేశారు. వేలం లేదు, అమ్మకం లేదు, గొడవ లేదు. బోస్టన్ వాళ్లు ఒక్క రోజు ఓపిక పడితే ఇదే జరిగేది. కాబట్టి "వేరే దారి లేదు" అన్న మాట ఒప్పుకోను.

పాత_కాగితాలు
దీనికి ఒప్పుకోక తప్పదు, చార్లెస్టన్ గట్టి ఉదాహరణే. కానీ అక్కడ ఏజెంట్లు చేతులు కడిగేసుకున్నారు కాబట్టి సుంకం కట్టి విడిపించుకునేవాడు లేడు. బోస్టన్లో ఏజెంట్లు కోటలో కాచుక్కూర్చున్నారు, గవర్నరు వాళ్ల నాన్న. జప్తు చేసిన టీని సైన్యం కాపలాలో వాళ్లే విడిపించుకుంటారని జనం లెక్క. అలాగే జరిగేదా అంటే రుజువు లేదు. జరగదని నమ్మే పరిస్థితి కూడా లేదు.

ఆఖరిదాకా ఓడ యజమాని ఫ్రాన్సిస్ రాచ్‌ని అటూ ఇటూ తిప్పారు చూడండి. 15న కస్టమ్స్ దగ్గరికి పంపితే కాదన్నారు. 16న మిల్టన్‌లో ఉన్న గవర్నరు దగ్గరికి పాస్ కోసం పంపారు. ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్‌లో అయిదు వేల మంది చీకటి పడేదాకా అతని కోసం కూర్చున్నారు. ఊరి జనాభానే 16,000. అతను వట్టి చేతులతో తిరిగొచ్చాకే జనం రేవు వైపు కదిలారు.

పాలమూరు_పిల్ల
42 టన్నులు ఒక్క రాత్రిల ఎట్ల పారబోసిన్రు? పెట్టె ఎంత బరువుంటది?

లెక్కల_మాస్టారు
సగటు తీస్తే 92,000ని 340తో భాగించు, 270 పౌండ్లు, అంటే 120 కిలోల పైన. కానీ సగటు మోసం చేస్తుంది. బోహీ పెట్టెలు 350 పౌండ్ల దాకా ఉండేవి, అంటే దాదాపు 160 కిలోలు. హైసన్ పెట్టెలు చాలా చిన్నవి.

ఓడ_సరంగు
మనుషులు ఎత్తి విసరలేదు. ఓడలోనే సరుకు దింపే కప్పీలు, తాళ్లు ఉంటాయి. కొందరు అడుగు అరలోకి దిగి పెట్టెకి తాడు కట్టడం, కొందరు కప్పీతో పైకి లాగడం, డెక్ మీద గొడ్డళ్లవాళ్లు పగలగొట్టడం, మిగిలినవాళ్లు అంచు మీదుగా బోర్లించడం. పగలగొట్టకుండా పడేస్తే లాభం లేదు. ఆ పెట్టెలకి తేమ తగలకుండా లోపల సీసపు రేకు అస్తరు ఉండేది. మూత బిగించిన పెట్టెని తర్వాత ఎవరో ఒడ్డుకి లాక్కుంటే లోపల టీ కొంత పనికొచ్చేది. అందుకే చెక్కతో పాటు అస్తరు కూడా చీల్చాలి. మూడు ఓడలు (డార్ట్‌మత్, ఎలనార్, బీవర్), సుమారు వంద నూటయాభై మంది, మూడు గంటల్లో పని ముగిసింది. ఇందులో రేవు కూలీలు, నావికులు, ఓడ వడ్రంగులు ఉండబట్టే అంత వేగం. వకీళ్లు చేస్తే తెల్లారేది.

తప్పిందెక్కడంటే, ఆ టైముకి పోటు తగ్గి నీళ్లు లేవు. పోసిన టీ ఓడ పక్కనే గడ్డివాముల్లా గుట్టపడింది. కుర్రాళ్లు బురదలోకి దిగి నెట్టాల్సొచ్చింది. పొద్దున్నే పడవల్లో వెళ్లి, తేలుతున్న టీని తెడ్లతో కొట్టి ముంచారు, ఎవరూ ఏరుకోకుండా.

చాయ్_బిస్కట్
ప్రపంచంల అతి పెద్ద ఉప్పు చాయ్. పాలు లేవ్.

ఓడ_సరంగు
క్రమశిక్షణ కూడా చూడు చాయ్. టీ తప్ప మిగతా సరుకు ముట్టలేదు. ఒక తాళం విరిగితే మర్నాడు కొత్తది ఇచ్చారు. ఒకడు కోటు అస్తరులో టీ దోపుకుంటుంటే పట్టుకుని, కోటు చింపి, తన్ని పంపారు.

గ్రూప్స్_గోపి
నాలుగు ఓడలు అన్నారుగా, మూడే చెప్పారు?

ఓడ_సరంగు
నాలుగోది విలియం. కేప్ కాడ్ దగ్గర ఒడ్డుకెక్కి విరిగింది. అందులో 58 పెట్టెలు, చాలావరకు బయటికి తీసి కోటకి చేర్చారు. బోస్టన్ వీధి దీపాలు కూడా అందులోనే వచ్చాయి, అవీ బతికాయి.

సిలోన్_స్ట్రాంగ్
అంతా బాగుంది గానీ మన అస్సాం టీ అలా నీళ్లపాలు కావడం బాధ. మన రైతు కష్టం.

బందరు_కోట
@సిలోన్_స్ట్రాంగ్ అస్సాం కాదు. అస్సాంలో తోటలు 1830ల తర్వాతి మాట. బోస్టన్లో పోయింది మొత్తం చైనా టీ, కాంటన్ రేవులో కంపెనీ కొన్నది. అందులో సింగ్లో, హైసన్ అయితే గ్రీన్ టీ, 75 పెట్టెలు.

మనకి సంబంధం మరో వైపు నుంచి ఉంది. కంపెనీ గోదాముల్లో కోటీ డెబ్భై లక్షల పౌండ్ల టీ ఎందుకు పేరుకుంది? దివాలా అంచుకి ఎందుకొచ్చింది? 1765లో బెంగాల్ దివానీ (శిస్తు వసూలు హక్కు) చేతికొచ్చింది, 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులు తీసుకుంది. మచిలీపట్నం కోట అప్పటికే 1759లో ఫ్రెంచివాళ్ల నుంచి పట్టేసింది. శిస్తు వస్తుందని వాటాదార్లకి డివిడెండు పెంచారు, బ్రిటిష్ ఖజానాకి ఏటా 4 లక్షల పౌండ్లు ఇస్తామన్నారు. 1770 బెంగాల్ కరువు, సైన్యం ఖర్చు, 1772లో లండన్ అప్పుల మార్కెట్ కుప్పకూలడం, అన్నీ ఒకేసారి నెత్తిన పడ్డాయి. 1773లో పార్లమెంటు 14 లక్షల పౌండ్ల అప్పిచ్చింది. బదులుగా వారన్ హేస్టింగ్స్‌ని గవర్నర్ జనరల్ చేసిన రెగ్యులేటింగ్ చట్టం వచ్చింది. టీ చట్టం కూడా అదే ఏడు, అదే కంపెనీని గట్టెక్కించడానికి. గోపీ, నీ సిలబస్‌లో రెండూ రెండు పేపర్లలో ఉంటాయి, పుట్టింది ఒక్క చోటే.

గ్రూప్స్_గోపి
ఈ ముక్క నోట్ చేసుకున్నా. మరి కంపెనీయే ఆ 3 పెన్నీలు తీసేయమని అడగొచ్చుగా?

బందరు_కోట
అడిగింది. ప్రధాని లార్డ్ నార్త్ ఒప్పుకోలేదు. పార్లమెంటులో కూడా కొందరు చెప్పారు, ఆ సుంకం ఉంటే టీ అమ్ముడుపోదు అని. @పాత_కాగితాలు చెప్పిన జీతాల వ్యవహారం వల్లే తియ్యలేదు.

లండన్_బాబాయ్
అది నార్త్ చేసిన మూర్ఖత్వం, కాదనను.

దస్తావేజు
టీ దగ్గరే ఆగిపోతున్నారు, అంతకు ముందు అమెరికాలో కాగితాల మీద పన్ను వేసిన స్టాంపు చట్టం చూడండి. 1765 నవంబరు 1 నుంచి అమలు. స్టాంపు అంటే జిగురు రాసి అంటించేది కాదు, లండన్లోనే కాగితం మీద ఉబ్బెత్తు ముద్ర కొట్టి ఓడలో పంపేవాళ్లు. దావా కాగితం, వీలునామా, ఓడ క్లియరెన్స్, పత్రిక, పంచాంగం అన్నీ ఆ కాగితం మీదే ఉండాలి. పేకముక్కల కట్టకి 1 షిల్లింగు, పాచికల జతకి 10 షిల్లింగులు, డిగ్రీ పట్టాకి 2 పౌండ్లు. వెండి నాణెం ఆ లెక్కలో దొరకడమే కష్టమైన చోట, కట్టాల్సింది స్టెర్లింగ్ లెక్కలో. కేసు పడితే జ్యూరీ లేని నౌకా కోర్టులో విచారణ.

ఓడించిన పద్ధతి చాలా సులువు. చట్టం నడవాలంటే ఊరికో పంపిణీదారు కావాలి. బోస్టన్లో ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మని ఆగస్టు 14న చెట్టుకి వేలాడదీశారు, అతను తప్పుకున్నాడు. నవంబరు వచ్చేసరికి చాలా వలసల్లో కాగితం అమ్మేవాడే లేడు. కోర్టులు కొన్నాళ్లు మూతపడ్డాయి. రేవుల్లో మాత్రం "స్టాంపు కాగితం దొరకలేదు" అని రాసి ఓడలు వదిలేశారు. 1766 మార్చిలో రద్దు. అదే రోజు "మీ మీద ఏ చట్టమైనా చేసే హక్కు మాకుంది" అని ఇంకో చట్టం. టీ ఏజెంట్లని రాజీనామా చేయించడం ఈ పాఠమే.

చాయ్_బిస్కట్
పేకముక్కలు, పాచికల మీద చెయ్యేస్తే ఎవ్వడూరుకుంటడు.

లెక్కల_మాస్టారు
@దస్తావేజు దీనికి ముందు 1764 పంచదార చట్టం కూడా చేర్చండి. వెస్టిండీస్‌లో బ్రిటన్‌వి కాని దీవుల నుంచి వచ్చే మొలాసిస్ (పంచదార తీయగా మిగిలే మడ్డి) మీద పాత సుంకం గ్యాలన్‌కి 6 పెన్నీలు, దాన్ని 3కి తగ్గించారు. జనానికి కోపం పెరిగింది. ఎందుకంటే పాత 6 ఎవడూ కట్టలేదు, కస్టమ్స్ గుమాస్తాకి చిల్లర చేతిలో పెట్టి దింపుకునేవాళ్లు. కొత్త 3 నిజంగా వసూలు చెయ్యడం మొదలెట్టారు. గోపీ, "తగ్గిస్తే గొడవేంటి" అన్న నీ ప్రశ్నకి టీ కంటే మొలాసిసే మంచి ఉదాహరణ.

పాలమూరు_పిల్ల
పారబోసినంక ఆ 9,659 పౌండ్లు కట్టిన్రా లేదా?

పాత_కాగితాలు
కట్టలేదు. పరిహారం ఇచ్చేద్దాం అని బెంజమిన్ ఫ్రాంక్లినే అన్నాడు, వినలేదు. టీ డబ్బు కట్టేదాకా రేవు బంద్ అని 1774 జూన్ 1 నుంచి బోస్టన్ రేవు మూసేశారు, కస్టమ్స్ కచేరీని సేలం తరలించారు. మసాచుసెట్స్ పాలనా నియమాలు మార్చేశారు. శిక్ష ఒక్క ఊరికి వేస్తే మిగతా వలసలు బియ్యం, గొర్రెలు, డబ్బు పంపాయి. సెప్టెంబరు 5న పన్నెండు వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కూర్చున్నారు. జార్జియా రాలేదు.

లండన్_బాబాయ్
ఆ పన్ను ఎప్పుడు పోయిందో కూడా రాయండి. 1778లో పార్లమెంటే వలసల మీద రాబడి కోసం పన్ను వెయ్యం అని చట్టం చేసి, టీ సుంకం ఎత్తేసింది. అప్పటికి యుద్ధం మూడేళ్లు నడిచింది.

గ్రూప్స్_గోపి
చివరగా ఒకటి. "బోస్టన్ టీ పార్టీ" అనే పేరు అప్పటిదేనా?

పాత_కాగితాలు
కాదు. అప్పట్లో "టీ ధ్వంసం" అనేవాళ్లు. పార్టీ అన్న పేరు అచ్చులో కనిపించేది 1820లు, 30లలో, పాల్గొన్న వాళ్లు ముసలివాళ్లయ్యాక. అదే కాలంలో పారబోసినవాళ్లని మొహాక్ (అక్కడి ఆదివాసీ తెగ) వేషాల్లో చూపించే బొమ్మలు కూడా పెరిగాయి. నిజానికి చాలామందిది మొహాన మసి, ఒంటి మీద కంబళి, అంతే.

చాయ్_బిస్కట్
గోపి తమ్మీ, పరీక్షల 342 రాయి. 340 అని రాస్తే మార్కు బోతది, అప్పుడు నువ్వు పేపర్ పారబోస్తవ్.